పాత పికప్ ట్రక్కులో ఆరని చెక్ ఇంజిన్ లైటు: కారణం కనిపెట్టే పద్ధతి

చెక్ ఇంజిన్ లైటు మోటారు వాహనం డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లేదా నారింజ రంగులో వెలిగే హెచ్చరిక దీపం. పొగలో కాలుష్యాన్ని హద్దు దాటించగల లోపమేదైనా బయటపడితే ఇంజిన్ కంప్యూటరు దీన్ని వెలిగిస్తుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోయినప్పుడు, ఇంజిన్ మితిమీరి వేడెక్కినప్పుడు వెలిగే ఎర్ర దీపాలు వేరు. అవి వెలిగితే బండిని అక్కడికక్కడే ఆపాలి. పసుపు దీపం నిలకడగా వెలుగుతూ బండి మామూలుగా నడుస్తుంటే ఇల్లు చేరాక చూసుకోవచ్చు. అదే దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం ఇంజిన్‌లో ఏదో సిలిండరు గట్టిగా మిస్ కొడుతోందని, కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి మండుతోందని అర్థం. అప్పుడు యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గించాలి, వీలైనంత త్వరగా బండి ఆపాలి.

కొత్త వాహనంలో ఈ దీపం వెలగడానికి సాధారణంగా ఒకటే కారణం ఉంటుంది. పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన ట్రక్కు సంగతి అలా ఉండదు. ఎండిన రబ్బరు గొట్టాలు, తుప్పు పట్టిన ఎర్త్ వైర్లు, పాత యజమానులు బిగించిన చవక విడిభాగాలు, సగం అరిగిన ఇంజిన్ అన్నీ కలిసి ఒకే దీపాన్ని వెలిగిస్తాయి. ఒకటి బాగుచేస్తే ఆరుతుంది, వారం తిరిగేసరికి మళ్లీ వెలుగుతుంది. ఇలా ఆరని దీపం విషయంలో వరసగా భాగాలు మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది తప్ప కారణం దొరకదు. అమెరికాలో లక్షల సంఖ్యలో ఇంకా రోడ్ల మీద ఉన్న 1996 నుంచి 2000ల దాకా తయారైన ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో, డాడ్జ్ రామ్, టొయోటా టకోమా వంటి పెట్రోలు పికప్‌లు ఈ సమస్యకు నిండైన ఉదాహరణలు. ఈ వ్యాసం ప్రధానంగా వాటి గురించి.

చట్టాలు, దీపం పుట్టుక

ఈ దీపం వాయు కాలుష్య నియంత్రణతో పాటు పుట్టింది. జనరల్ మోటార్స్ 1981 మోడళ్ల నుంచి తన కార్లలో కంప్యూటరు నియంత్రణనూ, దానితో చెక్ ఇంజిన్ దీపాన్నీ విరివిగా ప్రవేశపెట్టింది. కాలిఫోర్నియా రాష్ట్ర వాయు వనరుల మండలి 1988 మోడళ్ల నుంచి వాహనం తన లోపాలను తానే కనిపెట్టే ఏర్పాటును తప్పనిసరి చేసింది. దీన్ని ఓబీడీ-1 అంటారు. ఆ రోజుల్లో ఒక్కో కంపెనీది ఒక్కో సాకెట్టు, ఒక్కో కోడ్ భాష. ఇంకా మెరుగైన ఓబీడీ-2 పద్ధతి 1994 నుంచి విడతలుగా వచ్చి 1996 మోడల్ సంవత్సరానికి అమెరికాలో అమ్మే కార్లు, తేలికపాటి ట్రక్కులన్నిటికీ తప్పనిసరి అయింది. స్థూల బరువు రేటింగు 8,500 పౌండ్లు దాటిన పెద్ద పికప్‌లలో కొన్నిటికి అది ఆలస్యంగా చేరింది. అందుకే 1996 నాటి బండి అనగానే ఓబీడీ-2 అని అనుకోకుండా, బోనెట్ కింద అంటించిన ఉద్గారాల లేబుల్ చూసుకోవడం మంచిది.

1996కు ముందటి చాలా ట్రక్కుల్లో కోడ్ చదవడానికి స్కానరు అక్కర్లేదు. జనరల్ మోటార్స్ బండ్లలో స్టీరింగ్ కింద ఉండే 12 పిన్నుల సాకెట్టులో ఎ, బి రంధ్రాలను చిన్న వైరుతో కలిపి తాళం తిప్పితే దీపం మిణుకులతో కోడ్ చెబుతుంది. ముందుగా 12 అనే కోడ్ మూడుసార్లు వస్తుంది. కంప్యూటరు మాట్లాడగలుగుతోందని దాని భావం. ఆ తర్వాత నిల్వ ఉన్న ఒక్కో కోడ్ మూడేసి సార్లు వస్తుంది. క్రైస్లర్, డాడ్జ్ వాహనాల్లో తాళాన్ని అయిదు సెకన్ల లోపు ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్, ఆన్ చేస్తే కోడ్‌లు వచ్చి చివర 55 వెలుగుతుంది. ఫోర్డ్ పద్ధతిలో ఇంజిన్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి స్వీయపరీక్ష చేయించాలి. మూడంకెల కోడ్‌లు ఇచ్చే మోడళ్లలో 111 వస్తే లోపం లేదని అర్థం.

కంప్యూటరు ఎలా తేల్చుకుంటుంది

ఓబీడీ-2లో కంప్యూటరు చేసే పరీక్షలను మానిటర్లు అంటారు. మిస్ ఫైర్, ఇంధన సరఫరా, సెన్సర్ల వైరింగ్ మీద నిఘా ఇంజిన్ నడుస్తున్నంత సేపూ సాగుతుంది. కెటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, వాటి హీటర్లు, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్, పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే ఈవాప్ వ్యవస్థ వంటి వాటి పరీక్షలు అలా కావు. ఇంజిన్ చల్లగా మొదలవడం, ట్యాంకులో తగినంత పెట్రోలు ఉండటం, కొంతసేపు నిలకడ వేగంతో నడవడం వంటి షరతులు కుదిరినప్పుడే అవి జరుగుతాయి.

చాలా లోపాల విషయంలో కంప్యూటరు మొదటిసారికే దీపం వెలిగించదు. లోపం కనిపించగానే పెండింగ్ కోడ్‌గా రాసి పెట్టుకుంటుంది. తర్వాతి ప్రయాణంలోనూ అదే పరీక్ష తప్పితేనే దీపం వెలుగుతుంది. వెలిగిన క్షణాన ఇంజిన్ వేగం, భారం, కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంధన సవరణ అంకెలు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే చిన్న రికార్డుగా నిల్వ అవుతాయి. లోపం మళ్లీ కనబడకుండా వరసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష నెగ్గితే దీపం దానంతట అదే ఆరుతుంది. ఆ తర్వాత కూడా కోడ్ జ్ఞాపకంలోనే ఉండి, ఇంజిన్ సుమారు 40 సార్లు చల్లారి వేడెక్కాక చెరిగిపోతుంది. ఈ నియమాలు తెలియక చాలామంది దీపం ఆరగానే సమస్య తీరిందనుకుంటారు. అప్పటికి లోపం పెండింగ్‌లో ఉండి ఉండొచ్చు, లేదా ఆ పరీక్ష జరిగే షరతులే ఇంకా కుదిరి ఉండకపోవచ్చు.

కోడ్ చదవడం

ఓబీడీ-2 సాకెట్టుకు 16 పిన్నులు. అది స్టీరింగ్ దగ్గరే, డాష్‌బోర్డు కింద ఉంటుంది. స్కానరు పెట్టినా దానికి కరెంటు రాకపోతే కంప్యూటరు చెడిందని కంగారు పడనక్కర్లేదు. సాకెట్టులోని 16వ పిన్నుకు వచ్చే కరెంటు చాలా ట్రక్కుల్లో సిగరెట్ లైటర్ ఫ్యూజు నుంచే వస్తుంది. ఫోన్ చార్జర్ వల్ల ఆ ఫ్యూజు పోతే స్కానరుకూ ప్రాణం ఉండదు. 2008కి ముందు కంపెనీలు వేర్వేరు ప్రోటోకాల్‌లు వాడాయి. కొన్ని చవక బ్లూటూత్ అడాప్టర్లకు ఆ పాత భాషలు రావు. 2008 మోడళ్ల నుంచే క్యాన్ ప్రోటోకాల్ అందరికీ తప్పనిసరి అయింది.

కోడ్ ఒక అక్షరం, నాలుగు అంకెలుగా ఉంటుంది. పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్సుకు సంబంధించినది. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్. దాని పక్క అంకె ఏ వ్యవస్థో చెబుతుంది. 1, 2 గాలి, ఇంధనానికి, 3 ఇగ్నిషన్, మిస్ ఫైర్‌కు, 4 కాలుష్య నియంత్రణ పరికరాలకు, 5 వేగం, ఐడ్లింగ్‌కు, 6 కంప్యూటరుకు, 7, 8 గేర్‌బాక్సుకు.

కోడ్ ఏ పరీక్ష తప్పిందో మాత్రమే చెబుతుంది, ఏ భాగం మార్చాలో చెప్పదు. పీ0171 అంటే మొదటి వైపు సిలిండర్లలో మిశ్రమం పలచబడిందని అర్థం. దానికి కారణం చిరిగిన గొట్టం కావచ్చు, బలం తగ్గిన పెట్రోలు పంపు కావచ్చు, మురికి పట్టిన గాలి సెన్సరు కావచ్చు. దుకాణంలో ఉచితంగా కోడ్ చదివించుకుని, అదే కౌంటరులో ఆక్సిజన్ సెన్సరు కొని బిగించిన ట్రక్కులు ఎన్నో తిరిగి అదే దీపంతో వస్తాయి. నిజానికి ఆ సెన్సరు తన పని సక్రమంగా చేసి నిజం చెప్పింది.

ఒకటికి మించి కోడ్‌లు ఉంటే వాటి మధ్య సంబంధం వెతకాలి. రెండు వైపులా పలుచదనం చూపితే రెంటికీ ఉమ్మడిగా ఉన్న గాలి సెన్సరునో, పెట్రోలు పంపునో, ఇంటేక్‌నో అనుమానించాలి. ఒక్కవైపే వస్తే ఆ వైపున్న లీకునో, ఇంజెక్టరునో, సెన్సరునో చూడాలి. మొదటి సిలిండరు ఉన్న వైపే మొదటి బ్యాంకు. షెవర్లే వీ-8లో అది డ్రైవరు వైపు, ఫోర్డ్ వీ-8లో ప్రయాణికుడి వైపు. ఈ తేడా పట్టించుకోక మంచి సెన్సరు పీకి పారేయడం తరచూ జరిగే పొరపాటే. కోడ్‌లు చెరిపే ముందు వాటినీ ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలనూ కాగితం మీద రాసుకోవాలి. చెరిపితే ఆ ఆధారం పోతుంది. బ్యాటరీ తీగ ఊడదీసినా అంతే.

మళ్లీ ఎప్పుడు వెలిగింది

ఆరని దీపం విషయంలో అందరి దగ్గరా ఉండి, ఎవరూ వాడుకోని ఆధారం ఒకటుంది. చెరిపాక దీపం మళ్లీ వెలగడానికి పట్టిన సమయం అది. తాళం తిప్పిన కొన్ని సెకన్లలోనే తిరిగి వస్తే అది వైరు తెగడం, షార్ట్ కావడం, సెన్సరు పూర్తిగా చచ్చిపోవడం వంటి విద్యుత్ లోపం. మల్టీమీటరుతో కాసేపట్లో దొరుకుతుంది. రెండు ప్రయాణాల తర్వాత, మర్నాడో ఎల్లుండో వెలిగితే మిశ్రమం, మిస్ ఫైర్, థర్మోస్టాట్ వంటివి అనుమానించాలి. వారం పది రోజులు ఊరుకుని, ట్యాంకు సగానికి వచ్చి, రాత్రి చల్లబడిన ఉదయం వెలిగితే అది దాదాపుగా ఈవాప్ లీకే. ఎందుకంటే ఆ పరీక్షకు ట్యాంకు మరీ నిండుగానూ మరీ ఖాళీగానూ ఉండకూడదు, ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి. వానలోనే వెలిగితే ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్ వైర్లు, కనెక్టర్లు. చలికాలం ఉదయాల్లోనే వెలిగి ఇంజిన్ వేడెక్కాక సర్దుకుంటే ఇంటేక్ గ్యాస్కెట్లు. ట్రైలరు లాగుతూ ఎత్తు ఎక్కుతున్నప్పుడే వెలిగితే పెట్రోలు ఒత్తిడి. యజమాని ఈ వివరాలు నాలుగు వాక్యాల్లో రాసి మెకానిక్‌కు ఇస్తే షెడ్డులో పోయే గంటలు మిగులుతాయి.

ముందుగా చూడాల్సినవి

స్కానరు అంకెల జోలికి వెళ్లే ముందు బోనెట్ ఎత్తి కళ్లతో చూడాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 వోల్టులు చూపాలి. వోల్టేజీ తక్కువైతే సంబంధం లేని కోడ్‌లు గుంపులుగా వస్తాయి. ఇంజిన్ నుంచి ఫ్రేముకు, బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీలు మిషిగన్, న్యూయార్క్ వంటి చోట్ల చలికాలం రోడ్లపై చల్లే ఉప్పుకు తుప్పు పట్టి పోతాయి. బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ లోహానికీ మధ్య మీటరు పెట్టి స్టార్ట్ చేసి చూస్తే, నడుస్తున్నప్పుడు వోల్టులో పదో వంతు కంటే బాగా ఎక్కువ చూపితే ఆ దారిలో అడ్డు ఉన్నట్టే. గాలి ఫిల్టరు నుంచి థ్రాటిల్ దాకా ఉన్న రబ్బరు గొట్టాన్ని వంచి ముడతల్లో పగుళ్లు వెతకాలి. ఎలుకలు కొరికిన వైర్లు, సైలెన్సర్ పైపుకు తగిలి కరిగిన తీగలు, అదనపు అలారం కోసం ఎప్పుడో కోసి టేపు చుట్టిన జాయింట్లు కూడా ఇక్కడే బయటపడతాయి. నూనె పూసిన ప్రత్యేక ఫిల్టర్ల నుంచి ఆ నూనె గాలి సెన్సరు మీద పొరలా పట్టి తప్పు లెక్క చెప్పించడం కూడా ఉంది.

ఇంధన సవరణ: అసలైన కిటికీ

పెట్రోలు ఇంజిన్‌లో గాలి, ఇంధనం బరువు నిష్పత్తి 14.7:1 దగ్గర ఉండాలి. ఆక్సిజన్ సెన్సరు సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ పలుచదనం, చిక్కదనం చెబుతుంటే కంప్యూటరు ఇంజెక్టరు తెరిచే సమయాన్ని కొద్దికొద్దిగా మారుస్తుంది. అప్పటికప్పుడు చేసే మార్పును స్వల్పకాల సవరణ అంటారు, అలవాటుగా స్థిరపడినది దీర్ఘకాల సవరణ. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే ఆరోగ్యకరం. ప్లస్ అంటే కంప్యూటరు అదనంగా పెట్రోలు పోయాల్సి వస్తోందని, మైనస్ అంటే తగ్గించాల్సి వస్తోందని. ప్లస్ 20-25 శాతం దాటాక చాలా ట్రక్కుల్లో పీ0171, రెండో వైపుకు అదే అర్థమిచ్చే పీ0174 కోడ్‌లు పడతాయి.

ఈ అంకెలను ఒకే స్థితిలో చూస్తే చాలదు. ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎంలో ఒకసారి, బరువు లాగుతున్నప్పుడు ఒకసారి చూడాలి. ఉదాహరణకు 5.3 లీటర్ల వీ-8 ఇంజిన్ ఉన్న 2002 నాటి సిల్వరాడో చలి ఉదయాన రెండు కోడ్‌లూ చూపిందనుకుందాం. ఐడ్లింగ్‌లో దీర్ఘకాల సవరణ ప్లస్ 22, ఆర్‌పీఎం 2,500కు పెంచితే ప్లస్ 6. ఎక్కడో ఒక స్థిరమైన రంధ్రం గుండా లెక్కలేని గాలి దూరుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ తాగే గాలే తక్కువ కాబట్టి ఆ దొంగ గాలి వాటా పెద్దది. వేగం పెరిగి అసలు గాలి పెరిగాక దాని వాటా తగ్గిపోతుంది. ఇక వెతకాల్సింది వ్యాక్యూమ్ లీకు. ఇంటేక్‌లోకి పొగ యంత్రంతో పొగ పంపితే మానిఫోల్డు, సిలిండర్ హెడ్డు కలిసే చోట సన్నగా పైకి లేస్తుంది. ఆ తరం ఇంజిన్లలో ఇంటేక్ గ్యాస్కెట్లు గట్టిపడి చలికి కుంచించుకుపోవడం పేరుమోసిన జబ్బు. గ్యాస్కెట్లు మార్చాక సవరణ ప్లస్ 3 దగ్గర కుదురుకుంటే రోగం అదేనని రుజువైనట్టు. అదే కాలపు ఫోర్డ్ 4.6, 5.4 లీటర్ల ఇంజిన్లలో వెనకవైపు, చేతికి అందని చోట ఉండే, క్రాంక్‌కేస్ ఆవిరిని ఇంటేక్‌లోకి తీసుకెళ్లే పీసీవీ రబ్బరు వంపు మెత్తబడి చిరిగి ఇవే కోడ్‌లు తెస్తుంది. లీకు వెతకడానికి వేడి ఇంజిన్ మీద కార్బురేటర్ క్లీనర్ చల్లే అలవాటు మంట పుట్టించగలదు, మానుకోవాలి.

అంకెలు తలకిందులుగా ఉంటే, అంటే ఐడ్లింగ్‌లో బాగుండి బరువు మీద ప్లస్ పెరిగితే, పెట్రోలు తగినంత రావడం లేదు లేదా గాలి సెన్సరు వచ్చే గాలిని తక్కువ లెక్క చెబుతోంది. వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా గాలి సెన్సరు చూపే సెకనుకు గ్రాముల అంకె దాదాపు ఇంజిన్ లీటర్ల అంకెకు దగ్గరగా ఉండాలన్నది మెకానిక్కులు వాడే మోటు లెక్క. దానికి బాగా తక్కువగా ఉంటే ఆ సెన్సరు కోసమే అమ్మే స్ప్రేతో శుభ్రం చేసి చూడాలి. పెట్రోలు ఒత్తిడిని గేజి పెట్టి కొలవడం తప్ప మరో దారి లేదు. 1996 నుంచి వచ్చిన షెవర్లే వోర్టెక్ 4.3, 5.0, 5.7 లీటర్ల ఇంజిన్లకు 60 నుంచి 66 పీఎస్‌ఐ కావాలి. ఒత్తిడి కొంచెం తగ్గినా వాటిలో స్టార్టింగు మొరాయిస్తుంది, యాదృచ్ఛిక మిస్ ఫైర్ కోడ్‌లు పడతాయి. సిలిండర్లకు పెట్రోలు అందించే సాలెగూడులాంటి ఇంజెక్టర్ల అమరికలో కవాటాలు అతుక్కుపోవడం కూడా ఈ ఇంజిన్లకు ప్రత్యేకం.

మిస్ ఫైర్ కోడ్‌లు

పీ0300 అంటే ఫలానా సిలిండరు అని తేలని మిస్ ఫైర్. పీ0301 నుంచి పీ0308 దాకా చివరి అంకె సిలిండరు సంఖ్య. ఒకే సిలిండరు చూపితే పని తేలిక. ఉదాహరణకు కోడ్ మూడో సిలిండరుకు పడితే దాని కాయిల్‌ను అయిదో సిలిండరుకు మార్చి బండి నడపాలి. కోడ్ అయిదుకు మారితే కాయిల్ చెడింది. మారకపోతే ప్లగ్, ఆ తర్వాత ఇంజెక్టరు ఇదే తీరులో పరీక్షించాలి. ఏదీ మారకపోతే కంప్రెషన్ పరీక్ష చేయాలి. ఇరవై ఏళ్ల ఇంజిన్‌లో కాలిన వాల్వు, అరిగిన రింగులు అసాధ్యమేమీ కావు. కొత్త కాయిల్ కొనక ముందే ఈ పరీక్ష చేస్తే ఖర్చు దండగ కాదు. కొన్ని ఇంజిన్ల విషయంలో ప్లగ్ తీయడమే ఒక ప్రమాదం. 2004-2008 నాటి ఫోర్డ్ 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజిన్‌లో పొడవాటి రెండు ముక్కల ప్లగ్‌లు కార్బన్ పట్టి హెడ్డులోనే విరిగిపోతాయి. వాటిని తయారీదారు చెప్పిన పద్ధతి ప్రకారమే తీయాలి.

వోర్టెక్ ఇంజిన్లలో డిస్ట్రిబ్యూటరు తీసి బిగించాక పీ1345 అనే కోడ్ తరచుగా పడుతుంది. క్యామ్, క్రాంక్ సంకేతాల మధ్య పొంతన తప్పిందని అది చెబుతుంది. దీన్ని కంటిచూపుతో సరిచేయలేరు. క్యామ్ రిటార్డ్ అంకెను చూపే స్కానరు కావాలి, అది సున్నాకు అటూ ఇటూ రెండు డిగ్రీల లోపల ఉండాలి.

కెటలిటిక్ కన్వర్టర్ కోడ్

పీ0420, పీ0430 పడగానే కన్వర్టర్ మార్చేయడం ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన తొందరపాటు. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సరు చురుగ్గా ఊగుతుండాలి, వెనకది ఇంచుమించు 0.6-0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానితో పాటు ఊగుతుంటే కన్వర్టర్ ఆక్సిజన్ నిల్వ చేసే శక్తిని కోల్పోయిందని కంప్యూటరు తీర్పు. ఆ తీర్పు నమ్మే ముందు సెన్సర్ల దగ్గర పొగ లీకు, మిస్ ఫైర్, చిక్కని మిశ్రమం లేవని తేల్చుకోవాలి. కన్వర్టర్ నిజంగానే పోయి ఉంటే దాన్ని ఏది చంపిందన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. ఆయిల్ తాగే ఇంజిన్ పొగలోని ఫాస్ఫరస్ లోపలి లోహపు పూతను కప్పేస్తుంది. డాడ్జ్ 5.9 లీటర్ల మాగ్నమ్ ఇంజిన్‌లో ఇంటేక్ మానిఫోల్డు అడుగు రేకు గ్యాస్కెట్ పోతే ఆయిల్ ఆవిరి నేరుగా సిలిండర్లలోకి చేరుతుంది. అలాంటి ట్రక్కుకు కొత్త కన్వర్టర్ బిగించినా మూల కారణం మిగిలితే అదీ పోతుంది. అమెరికాలో కన్వర్టర్‌కు, ఇంజిన్ కంప్యూటరుకు ఫెడరల్ వారంటీ 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు. పాత ట్రక్కులకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. కన్వర్టర్ తీసి గొట్టం పెట్టడం అక్కడి స్వచ్ఛ వాయు చట్టం ప్రకారం నిషిద్ధం.

పెట్రోలు ఆవిరి లీకులు

పీ0442 చిన్న లీకు, పీ0455 పెద్ద లీకు, పీ0456 మరీ సన్నని లీకు. కంప్యూటరు పట్టాల్సిన రంధ్రం పరిమాణం మొదట ఒక మిల్లీమీటరు, 2000 మోడళ్ల నుంచి విడతలుగా అర మిల్లీమీటరు. అంత సన్నని రంధ్రం కంటికి కనిపించదు. ట్యాంకు మూత సరిగా బిగించడం, దాని రబ్బరు రింగు చూడటం మొదటి పని. అది సరిపోకపోతే ఒత్తిడి బాగా తగ్గించిన పొగ యంత్రం వాడాలి. అంతకంటే ముందు రెండు లక్షణాలు గమనించవచ్చు. పెట్రోలు నింపాక స్టార్ట్ కావడానికి బండి మొండికేస్తే ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందని అనుమానించాలి. ఇంజిన్ చల్లగా ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు దాని ట్యాంకు వైపు గొట్టం తీసి వేలు పెడితే పీల్పు తగలకూడదు. పెట్రోలు పోస్తుంటే పంపు నాజిల్ మాటిమాటికీ ఆగిపోతుంటే ఈవాప్ వ్యవస్థకు బయటి గాలి దారి అయిన వెంట్ వాల్వు మూసుకుపోయి ఉండొచ్చు. మట్టి రోడ్ల మీద తిరిగే షెవర్లే, జీఎంసీ పికప్‌లలో ఫ్రేము మీద బిగించిన ఆ వాల్వు దుమ్ముతో పూడుకుపోవడం చాలా మామూలు.

మిగతా తరచూ వచ్చేవి

పీ0128 వస్తే ఇంజిన్ వేడెక్కాల్సినంత త్వరగా వేడెక్కడం లేదు. దాదాపు ఎప్పుడూ కారణం తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాట్, లేకపోతే తక్కువ కూలెంట్. దీన్ని వాయిదా వేస్తే పెట్రోలు వృథా అవుతుంది, ఆయిల్ చెడుతుంది. కూలెంట్, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతలు చెప్పే రెండు సెన్సర్లను సరిచూడటానికి తేలిక మార్గం ఉంది. రాత్రంతా ఆగిన బండిలో ఉదయం తాళం తిప్పి, ఇంజిన్ నడపకుండా స్కానరులో చూస్తే రెండూ ఒకే ఉష్ణోగ్రత చూపాలి.

పీ0401 ఈజీఆర్ ప్రవాహం చాలడం లేదని చెబుతుంది. 1990ల ఫోర్డ్ ట్రక్కుల్లో దానికి తరచు కారణం వాల్వు కాదు, ఒత్తిడి తేడా కొలిచే డీపీఎఫ్ఈ సెన్సరు. మసితో మూసుకుపోయిన దారులు రెండో కారణం. పీ0135, పీ0141 ఆక్సిజన్ సెన్సర్ల హీటరు కోడ్‌లు. నాలుగు సెన్సర్లకూ ఒకేసారి వస్తే ఫ్యూజు చూడాలి. ఫ్యూజు మార్చాక మళ్లీ పోతే సైలెన్సర్ పైపుకు తగిలి కాలిన వైరు ఎక్కడో ఉంటుంది.

వైరింగ్, కంప్యూటరు

వస్తూపోతూ ఉండే దీపానికి పాత ట్రక్కుల్లో మూలం చాలాసార్లు కనెక్టరే. ఇంజిన్ నడుస్తుండగా స్కానరు అంకెలు చూస్తూ ఒక్కో కనెక్టరును, వైర్ల కట్టను నెమ్మదిగా కదపాలి. ఏ చోట కదిపితే అంకె గెంతుతుందో లోపం అక్కడే. చాలా సెన్సర్లు ఒకే 5 వోల్టుల సరఫరాను పంచుకుంటాయి. వాటిలో ఒకటి షార్ట్ అయితే మిగతావన్నీ చెడినట్టు కనిపిస్తాయి. అలాంటప్పుడు ఒక్కొక్కటే ఊడదీసి 5 వోల్టులు ఎప్పుడు తిరిగి వస్తాయో చూడాలి. కంప్యూటరును చివరన మాత్రమే అనుమానించాలి. దానికి వెళ్లే కరెంటు, ఎర్త్‌లు అన్నీ భారం మీద సరిగా ఉన్నాయని కొలిచి తేల్చాకే ఆ మాట ఎత్తాలి. మార్చాల్సి వస్తే ఆ వాహనం నంబరుతో ప్రోగ్రామింగ్, కొన్నిట్లో దొంగతనం నిరోధక వ్యవస్థతో జత కూర్చడం తప్పవు.

డీజిల్ ట్రక్కులు, భారత్‌లో వాహనాలు

డీజిల్ పికప్‌లలో కోడ్‌లు వేరు, తర్కం అదే. 1998-2002 మధ్య డాడ్జ్ రామ్ కమిన్స్ 5.9 లీటర్ల ఇంజిన్‌లో పీ0216 వీపీ44 ఇంజెక్షన్ పంపు మీద వేలు చూపుతుంది. ఆ పంపును చంపేది తరచుగా ముందున్న లిఫ్ట్ పంపు నుంచి డీజిల్ ఒత్తిడి చాలకపోవడమే. లిఫ్ట్ పంపు ఒత్తిడి కొలవకుండా ఖరీదైన పంపు ఒక్కటే మార్చితే అదే కథ మళ్లీ నడుస్తుంది. పెద్ద లారీలలో 16 పిన్నుల సాకెట్టుకు బదులు 9 పిన్నుల గుండ్రని సాకెట్టు, జే1939 ప్రోటోకాల్ ఉంటాయి. లోపం ఏ భాగంలో ఉందో ఒక సంఖ్య, ఏ తీరున చెడిందో మరో సంఖ్య చెబుతాయి.

భారత్‌లో ఈ దీపం సామాన్యుడి బండిలోకి వచ్చింది బీఎస్-4 (భారత్ స్టేజ్) ఉద్గార ప్రమాణాలతోనే. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో, 2017 ఏప్రిల్ నాటికి దేశమంతటా ఆ ప్రమాణాలు అమలయ్యాయి. ఓబీడీ రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక నిఘా మరింత కఠినమైంది. ఊళ్లలో సరుకు రవాణా చేసే చిన్న డీజిల్ బండ్లలో ఈజీఆర్ వాల్వుకు మసి పట్టడం, టర్బో గొట్టాల లీకు, వైర్లను ఎలుకలు కొరకడం తరచుగా కనిపించే కారణాలు. దీపం బల్బు పీకేయించి సాగించడం మన దగ్గరా ఉంది. బీఎస్-6 వాహనంలో అలా లోపాన్ని వదిలేస్తే ఇంజిన్ శక్తి తగ్గించేసే స్థితికి చేరి, చివరకు దారి మధ్యలో ఆగాల్సి రావచ్చు.

మరమ్మతు ముగిసిందని తేల్చడం

భాగం మార్చి కోడ్ చెరిపినప్పుడు మానిటర్లన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. దీపం ఆరి ఉన్నా పరీక్షలు పూర్తి కాలేదని స్కానరు చూపుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మార్గదర్శకం ప్రకారం ఉద్గార తనిఖీలో 1996-2000 వాహనాలకు రెండు, 2001 తర్వాతి వాటికి ఒక మానిటరు మాత్రమే అసంపూర్తిగా ఉండొచ్చు. కొన్ని రాష్ట్రాల నియమాలు ఇంతకంటే కఠినం. అందుకే తనిఖీకి వెళ్లే రోజు ఉదయం కోడ్ చెరపడం వల్ల ఉపయోగం లేదు.

తయారీదారు సర్వీసు పుస్తకంలో ఇచ్చిన డ్రైవ్ సైకిల్ ప్రకారం నడిపితే మానిటర్లు త్వరగా పూర్తవుతాయి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, తర్వాత హైవే మీద నిలకడ వేగంతో నడిపి, బ్రేకు తొక్కకుండా మెల్లగా వేగం తగ్గనివ్వడం దాని సాధారణ రూపం. లోపం చూపిన మానిటరు పూర్తయి, పెండింగ్ కోడ్ లేకుండా, ఇంధన సవరణ 10 శాతం లోపు నిలిచినప్పుడే ఆ మరమ్మతు పూర్తయినట్టు లెక్క.